ఎత్తు పక్కన గడియారం

రాయ్‌పూర్ 2022 సెప్టెంబరులో ముఖ్యమంత్రి ట్రోఫీ పేరిట అంతర్జాతీయ గ్రాండ్‌మాస్టర్ల చెస్ టోర్నీ నిర్వహించింది. అంతటి ఆటకు వేదికైన ఊళ్లో పిల్లలకు ఓపెనింగులు బట్టీ పట్టించడం కన్నా ముందు, ముగిసిన ఆటను చదవడం నేర్పాలి. స్కోర్‌షీటులోని ఎత్తుల్ని కంప్యూటర్ చెస్ ఇంజిన్‌కు ఎక్కించి, ఎర్ర గుర్తు పడిన చోట 'ఇక్కడ తప్పావు' అనేస్తే సమీక్ష అయిపోదు. ఆ తప్పు ఎక్కడ మొదలైందో వెతకాలి, అది చాలాసార్లు ఓపెనింగ్‌లోనే ఉంటుంది.

సింగపూర్‌లో 2024 డిసెంబరు 8న జరిగిన ప్రపంచ టైటిల్ పోరు 11వ గేమ్ చూడండి. తెలుగు కుటుంబంలో పుట్టిన చెన్నై కుర్రాడు గుకేశ్ తెల్లపావులతో రెటి ఓపెనింగ్ ఆడి, మూడో ఎత్తుకే బి-బంటును రెండు గళ్లు తోశాడు. అతని సన్నాహక బృందంలో మన గుంటూరు గ్రాండ్‌మాస్టర్ పెంటేల హరికృష్ణ కూడా ఉన్నాడు. చైనాకు చెందిన అప్పటి ప్రపంచ ఛాంపియన్ డింగ్ లిరెన్ నాలుగో ఎత్తుకే 38 నిమిషాలు ఖర్చు పెట్టాడు. తొలి 40 ఎత్తులకు ఉన్నది 120 నిమిషాలే, ఆలోపు అదనంగా ఒక్క సెకనూ కలవదు. చివరికి 28వ ఎత్తులో డింగ్ మంత్రిని తప్పుగా జరిపాడు. గుకేశ్ తన మంత్రితో గుర్రాన్ని కొట్టగానే డింగ్ ఓటమి ఒప్పుకున్నాడు. ఇంజిన్ ఆ 28వ ఎత్తునే తప్పుపడుతుంది. నా లెక్కలో ఆ తప్పుకు బీజం నాలుగో ఎత్తు దగ్గరే పడింది.

గుకేశ్ కూడా 11వ ఎత్తు దగ్గర దాదాపు గంట ఆలోచించాడు కదా, ఓపెనింగ్ అతనికి మాత్రం ఏం మిగిల్చిందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. సిద్ధం చేసుకున్న దారి అయిపోయాక అతనూ ఇబ్బంది పడ్డాడు, ఆధిక్యం సన్నగిల్లింది. బట్టీ పట్టింది ఎంతవరకు కాస్తుందో కూడా ఈ ఆటే చూపిస్తోంది. పిల్లలకు ఇంత లోతు అవసరమా అనేది మరో అభ్యంతరం. ఇందుకు కావలసింది ఒక పెన్ను. ఎత్తు రాసేటప్పుడే పక్కన గడియారంలో మిగిలిన సమయమూ రాసుకోవచ్చు, అంతర్జాతీయ చెస్ సమాఖ్య (ఫిడే) నియమాలు అందుకు ఒప్పుకుంటాయి. రాయ్‌పూర్, భిలాయిల్లోని మన తెలుగు తల్లిదండ్రులు పిల్లల స్కోర్‌షీటులో ఫలితం కన్నా ముందు ఆ నిమిషాలు చూడాలి. ఐదో ఎత్తుకే పావుగంట కరిగిపోయి ఉంటే, మర్నాటి పాఠం అక్కడి నుంచే మొదలవ్వాలి.