ముసలిదాని కంటికి ఇంత ఖర్చెందుకట!

"గీత నేను తిన్నగానే వేస్తున్నానే అమ్మాయ్, అదే వంకరగా కనబడుతోంది" అంది మా పక్కింటి పెద్దమ్మ, వాకిట్లో ముగ్గు చూపించి. ఆమెకు డెబ్భై రెండేళ్లు. అప్పటికే మనుషుల మొహాల్లో ముక్కూ కళ్లూ ఉండాల్సిన చోట మసక కనబడుతోందట. అంతకు ఏడాది ముందు ఊళ్లో కంటి శిబిరం పెడితే వెళ్లింది. రెండు కళ్లూ తెరిచి అంకెలు చదివింది, కళ్లజోడు తెచ్చుకుంది. పరీక్ష అయింది కదా అని ధైర్యంగా ఉంది.

పెద్దాస్పత్రికి ఆమెతో నేనూ వెళ్లాను. ఓసీటీ స్కాన్ తీశారు. డాక్టరు తెరమీది బొమ్మను ఆమెకు చూపలేదు, కొడుకు వైపు తిప్పాడు. "లోపల మచ్చ కట్టేసింది. లేటుగా తెచ్చారు" అన్నాడు. తెచ్చారు! ఆమె రాలేదు, ఆమెను తెచ్చారు. కన్ను ఆమెది, సంజాయిషీ మాత్రం కొడుకు చెప్పుకోవాలి. బయట వరండాలో ఎవరో ఆవిడ "ఈ వయసులో ఇంకేం చూడాలమ్మా, రామా కృష్ణా అనుకోక" అని ఓదార్చింది కూడా.

ఆ ఆలస్యం ఎవరిదో మనం తేల్చుకోవాలి.

ఈ జబ్బును ఏజ్ రిలేటెడ్ మాక్యులర్ డీజనరేషన్ అంటారు. కంటి వెనక ఉండే రెటీనా పొరకు నట్టనడుమ మాక్యులా అనే చిన్న చోటు ఉంటుంది. బియ్యంలో రాళ్లు ఏరడం, సూదిలో దారం ఎక్కించడం, ఎదురుగా వచ్చేదెవరో పోల్చుకోవడం, అన్నీ దాని పనే. వయసుతో అది దెబ్బతింటుంది. శుక్లంలాగా పైకి తెల్లగా కనబడదు. ఎండు రకం ఏళ్ల మీద నెమ్మదిగా ముదురుతుంది. తడి రకంలో రెటీనా కింద పిచ్చి రక్తనాళాలు మొలిచి నీరూ రక్తమూ కారుస్తాయి, వారాల్లోనే నడిమి చూపు పడిపోవచ్చు. ఒక కన్ను పోతున్నా రెండోది కప్పిపుచ్చుతుంది. రెండు కళ్లూ తెరిపించి చేసే పరీక్షకు ఇది దొరకదు.

దొరికించే యంత్రం లేక కాదు. ఓసీటీ 1991లోనే వచ్చింది. సూదీ లేదు, నొప్పీ లేదు, కాంతితోనే రెటీనా పొరలను అడ్డంగా కోసి చూపినట్టు చూపుతుంది. నీరు పొర కింద ఉందో, పొరలోకే చేరిందో అందులో తెలుస్తుంది. పొరలోకి చేరి నడిమిలో నిలిచిన నీరు చూపుకు ఎక్కువ చేటు. మచ్చ కట్టేశాక ఏ ఇంజక్షనూ పోయిన చూపును వెనక్కి తేలేదు. ముందుగా పట్టుకుంటే మాత్రం సంగతి వేరు. 2006లో అచ్చయిన అమెరికా అధ్యయనంలో నెలనెలా ఇంజక్షన్ తీసుకున్నవారిలో ఏడాదికి నూటికి 95 మంది చూపు పెద్దగా తగ్గలేదు. ఇంజక్షన్ లేనివారిలో అది 62. అయితే ఇది ఒకటి రెండు సూదులతో తీరేది కాదు, నెలలూ ఏళ్లూ సాగాలి. బస్సు చార్జీ, తోడొచ్చినవాళ్ల కూలి నష్టం, మందు ధర, అన్నీ కలిపి మూడో నెలకే ఇంట్లో లెక్క మొదలవుతుంది. ఆ లెక్కలో ముసలిదాని చూపు ఎప్పుడూ ఆఖరి పద్దే.

మందు ధర గురించీ రెండు మాటలు. 2011లో రెండు మందులను పక్కపక్కన పెట్టి చూస్తే చూపు విషయంలో రెండూ ఒక్కటేనని తేలింది. అమెరికాలో అప్పుడు ఒకటి డోసుకు సుమారు 2,000 డాలర్లు, రెండోది, అంటే బెవాసిజుమాబ్, సుమారు 50. ఆ చవక మందు 2013 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. దాని చిక్కల్లా ఒక సీసాను చిన్న డోసులుగా శుభ్రంగా పంచడం. గుజరాత్‌లో కొందరికి కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చాక 2016 జనవరిలో దాన్ని కంటికి వాడొద్దని మన ఔషధ నియంత్రణ అధికారులు హెచ్చరించారు. కంటి డాక్టర్లు గోల చేశాక అదే ఏడాది వెనక్కి తీసుకున్నారు. శుభ్రంగా పంచే ఏర్పాటు సర్కారు ఆస్పత్రిలో పెట్టాలి గానీ మందునే ఆపేస్తే నష్టపోయేదెవరు?

అంధత్వ నివారణ కార్యక్రమం దేశంలో 1976 నుంచి ఉంది. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో మన రాష్ట్రానికీ వచ్చిన పథకం పేరులోనే శుక్లం ఉంది. 2018 ఆగస్టు 15న తెలంగాణలో మొదలైన కంటి వెలుగు ఊరూరా తిరిగింది, మంచి పనే. కానీ గొప్పగా చెప్పుకున్నది పంచిన జోళ్ల లెక్క. జోడు పెట్టినా ముగ్గు వంకరగా కనబడే మనిషిని ఏ పద్దులో రాశారు?

ప్రభుత్వాన్ని అని మనల్ని వదిలేస్తే న్యాయం కాదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల బలవంతం మీద, హానికర గర్భనిరోధక ఇంజక్షన్ల మీద, అనవసరంగా గర్భసంచులు తీసేయడం మీద మనం పోరాడాం. పోరాడాల్సిందే. కానీ స్త్రీ శరీరమంటే గర్భసంచే అని ప్రభుత్వం అనుకుంటే, మన ఆరోగ్య ఉద్యమం కూడా అక్కడే ఆగిపోలేదా? మన కరపత్రాల్లో అరవై దాటిన స్త్రీ కన్ను ఎక్కడైనా ఉందా? 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలోని అంధుల్లో నూటికి 55 మంది స్త్రీలే. 1996 నుంచి 2000 దాకా మన నాలుగు జిల్లాల్లో జరిగిన కంటి సర్వేలో 40 దాటినవారిలో నూటికి ఇంచుమించు ఇద్దరికి ఈ జబ్బు కనబడింది. చుట్టలు బాగా కాల్చేవారిలో ఎక్కువని కూడా అందులోనే తేలింది. ఉత్తరాంధ్రలో అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూసి నోటి కాన్సర్ గురించి చెప్పినవాళ్లున్నారు. కంటి మాట ఎత్తినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు.

జిల్లా ఆస్పత్రిలో ఓసీటీ, ఉచిత ఇంజక్షన్, తోడొచ్చేవారికి దారి ఖర్చు మనం అడగాలి. శిబిరంలో ఒక్కో కన్నూ విడిగా మూయించి చూడాలని అడగాలి. స్కాన్ బొమ్మను ముందు ఆమెకు చూపించి, ఆమెకే తెలుగులో చెప్పాలని పట్టుబట్టాలి. చూపు పోయినవారికి భూతద్దాలూ, మిగిలిన పక్కచూపుతో పని చేసుకునే శిక్షణా ఉన్నాయి. పెద్దమ్మకు ఆ సంగతి ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు.

వచ్చే నెల సంఘం మీటింగుకు వయసు మళ్లినవాళ్లను పిలిచి, గళ్ల కాగితమో, చుక్కల ముగ్గో ముందు పెట్టి ఒక్కో కన్నూ మూసి చూడమనండి. గీత ఎవరికి వంగిందో వాళ్లను ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి పంపండి. రెండో కన్ను మిగిలుందని పెద్దమ్మ ఇప్పుడు రోజూ పొద్దున్నే అలాగే చూసుకుంటోంది.