ఆ పరీక్ష ముందే ఎందుకు చేయలేదు?

తలసేమియా మేజర్‌తో పుట్టిన బిడ్డ ఆరో నెల దాటేసరికి పాలిపోవడం మొదలవుతుంది. ఏడాదో రెండేళ్లో నిండేలోపు రక్తం ఎక్కించక తప్పదు. ఇక అక్కడి నుంచి బతికినంతకాలం రెండు నుంచి నాలుగు వారాలకోసారి అదే మంచం, అదే సూది. ఎక్కించిన ప్రతి రక్తం సంచితోనూ సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఒంట్లో చేరుతుంది. దాన్ని బయటికి పంపుకునే దారి శరీరానికి లేదు. రోజూ మందులు వాడి తీయకపోతే గుండెలో, కాలేయంలో పేరుకుపోతుంది. ఇంత బాధకూ కారణం తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వచ్చిన లోపమున్న జన్యువులు. ఆ తల్లిదండ్రులిద్దరూ చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. వాళ్లు ఆ లోపాన్ని మోస్తున్న కేరియర్లని చెప్పగల రక్తపరీక్ష ఉంది. ప్రైవేటు ల్యాబులో సుమారు వెయ్యి రూపాయలకు చేస్తారు. అయినా మన దేశంలో ఏటా పదివేలకు పైగా పిల్లలు ఈ జబ్బుతో పుడుతున్నారని అంచనా. జబ్బు పేరు మొదటిసారి విన్న రోజున తల్లులు అడిగే ప్రశ్న ఒకటే: "ఈ పరీక్ష నాకు ముందే ఎందుకు చేయలేదు సార్?"

దీనికి జవాబు చెప్పాల్సింది ఎదురుగా కూర్చున్న డాక్టరు కాదు. ప్రభుత్వం.

తెలియదని తప్పించుకునే వీల్లేదు. 2016లోనే జాతీయ ఆరోగ్య మిషన్ కింద తలసేమియా లాంటి హిమోగ్లోబిన్ జబ్బుల నివారణకు మార్గదర్శకాలు తెచ్చారు. గర్భిణికి తొలి నెలల్లోనే పరీక్ష చేయాలి, ఆమె కేరియర్ అయితే భర్తకూ చేయాలి, ఇద్దరూ కేరియర్లయితే కడుపులో బిడ్డకు పరీక్ష, కౌన్సెలింగ్ అందాలి. ఇదంతా అధికారులు తమ చేత్తో రాసుకున్నదే. చట్టం కూడా అడ్డు రాదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టమే హిమోగ్లోబిన్ జబ్బుల కోసం గర్భస్థ పరీక్షకు అనుమతి ఇచ్చింది. అదే 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం తలసేమియాను, సికిల్ సెల్‌ను, హీమోఫీలియాను వైకల్యాల జాబితాలో చేర్చింది. మార్గదర్శకాలున్నాయి, చట్టముంది, పరీక్ష ఉంది. ఆ పరీక్షను సమయానికి గర్భిణి దాకా చేర్చే ఏర్పాటు మాత్రం లేదు.

ఏ పీహెచ్‌సీలోనైనా కాసేపు కూర్చుని చూడండి. గర్భిణి వేలు గుచ్చి హిమోగ్లోబిన్ చూస్తారు. తొమ్మిదో తొమ్మిదిన్నరో వస్తుంది. "రక్తం తక్కువుందమ్మా, మాత్రలు మానకుండా వేసుకో, ఆకుకూరలు తిను" అని పంపేస్తారు. మరుసటి నెల మళ్లీ అంతే ఉంటుంది. "మాత్రలు మింగట్లేదు కదూ?" అని కసురుతారు. ఆమె మింగుతూనే ఉంటుంది. తలసేమియా కేరియర్లలో చాలామందికి హిమోగ్లోబిన్ ఎప్పుడూ కాస్త తక్కువగానే ఉంటుంది, ఐరన్ మాత్రలతో అది పెరగదు. ఎర్ర రక్తకణాల సైజు మరీ చిన్నగా ఉందంటే అనుమానించాలి, హెచ్‌బీఏ2 అనే హిమోగ్లోబిన్ రకం శాతం చూడాలి. మామూలు సీబీసీ రిపోర్టులోనే ఆ సైజు అంకె అచ్చై ఉంటుంది. దాన్ని చూసి మరో పరీక్ష రాసే అలవాటును కింది స్థాయిలో ఎవరూ నేర్పలేదు. రాసినా నమూనా ఎక్కడికి పోవాలో, రిపోర్టు ఎన్నాళ్లకు రావాలో, రాకపోతే ఎవరిని అడగాలో ఎవరికీ తెలియదు. నర్సమ్మను తిట్టి లాభం లేదు. ఆమె చేతికి ప్రభుత్వం ఏమిచ్చింది?

మా చుట్టాలమ్మాయి సంగతి చెబుతాను. ఆమె మొదటి కొడుక్కి తలసేమియా మేజర్. జిల్లా కేంద్రంలో రక్తం ఎక్కించుకొస్తారు. రెండోసారి మూడో నెల రాగానే ఆసుపత్రికి వెళ్లి పెద్దబ్బాయి జబ్బు గురించి తనే చెప్పింది. స్కాన్ తీసి "బిడ్డ బాగుంది, భయపడకు" అన్నారు. తలసేమియా స్కాన్‌లో కనిపించదని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఐదో నెలలో వేరే డాక్టరు కాగితాలు చూసి, ఉలిక్కిపడి నగరానికి రాశారు. అక్కడికి పోతే, ముందు భార్యాభర్తలిద్దరి జన్యువుల్లో లోపం ఏ చోట ఉందో తేలాలి, ఆ తర్వాతే ఉమ్మనీరు తీసి బిడ్డకు చూడగలం అన్నారు. అది నిజమే. భర్త పనికోసం వేరే రాష్ట్రంలో ఉన్నాడు. అతను రావాలి, రక్తమివ్వాలి, రిపోర్టు రావాలి. మధ్యలో సెలవులు, సర్వర్ పనిచేయకపోవడం, "వచ్చే వారం రండి". అన్నీ అయ్యేసరికి 24 వారాలు దాటాయి. ఆ కాగితాలన్నీ తేదీల వారీగా పేర్చి చూశాను. ఒక్క కాగితం మీద కూడా 'అత్యవసరం' అన్న మాట లేదు.

పాప పుట్టింది. ఆరో నెల దాటాక పాలిపోయింది. ఇప్పుడు అన్నాచెల్లెళ్లిద్దరికీ ఒకే రోజు రక్తం ఎక్కిస్తున్నారు. ఆ పాపకు చేతిలో నరం దొరక్క పాదం మీద గుచ్చుతుంటే తల్లి కాలు పట్టుకుని కూర్చుంటుంది. "పిన్నీ, నేను మూడో నెల్లోనే చెప్పాను కదా! నా మాట ఎవరైనా విన్నారా?" అని అడిగింది. ఏం చెప్పను?

గర్భానికి వారాల లెక్క ఉంటుంది. మాయ నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్షకు 11 నుంచి 13 వారాలు సరైన సమయం. ఉమ్మనీటి పరీక్ష సుమారు 16 వారాలప్పుడు చేస్తారు. 2021లో సవరించిన గర్భవిచ్ఛిత్తి చట్టం ప్రకారం ఇలాంటి కేసుల్లో 24 వారాల దాకా వెసులుబాటు ఉంది. ఆ తర్వాత మెడికల్ బోర్డు గడప తొక్కాలి. రిపోర్టు 25వ వారంలో వస్తే అది వచ్చినా రాకున్నా ఒకటే. అందుకే ఈ పరీక్ష ఏదో ఒక నగరంలో ఉందని చెప్పుకుంటే చాలదు. ఏ వారంలో నమూనా తీస్తారు, ఏ వారంలో రిపోర్టిస్తారు అన్నదే అసలు ప్రణాళిక. వారాలు లెక్కపెట్టని ప్రణాళిక ఈ తల్లికి ఎందుకూ కొరగాదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది మరొకటుంది. ఆ కుటుంబం ప్రభుత్వానికి కొత్త కాదు. పెద్దబ్బాయి పేరు రక్తం ఎక్కించే రిజిస్టరులో ఉంది, వైకల్య ధ్రువపత్రంలో ఉంది, పింఛను జాబితాలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో తలసేమియా మేజర్ బాధితులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. ఇవ్వాల్సిందే, నూటికి నూరుపాళ్లు న్యాయం. కానీ ఆ పేరు రాసుకున్న రోజునే తల్లిదండ్రులిద్దరి రక్తం తీసి జన్యుపరీక్ష చేయించి ఉంటే, రెండో గర్భానికి చాలా ముందే ఆ రిపోర్టు వాళ్ల చేతిలో ఉండేది. మన దేశంలో బీటా తలసేమియా కేసుల్లో ఎక్కువ భాగానికి ఐదారు రకాల జన్యు మార్పులే కారణం, వెతకడం అసాధ్యమేమీ కాదు. తల్లి అక్కాచెల్లెళ్లకు, తండ్రి అన్నదమ్ములకు కూడా పరీక్ష చేయాలి. మేనరికాలు ఇంకా చేసుకుంటున్న సమాజం మనది. ఒకే ఇంటి జన్యువు తిరిగి తిరిగి అదే ఇంటికి వస్తుంది. పింఛను ఇచ్చేటప్పుడు గుర్తుకొచ్చిన కుటుంబం, పరీక్ష చేయాల్సినప్పుడు ఎందుకు గుర్తుకు రాలేదు?

ఈ పరీక్షలు చేసే సామర్థ్యం హైదరాబాద్‌కు లేదా? జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ ఇక్కడే ఉంది. జన్యుపరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ ఉప్పల్‌లో ఉంది. నిమ్స్ ఆసుపత్రిలో వైద్య జన్యుశాస్త్ర విభాగం ఉంది. 1998లో ఏర్పడిన తలసేమియా, సికిల్ సెల్ సొసైటీ రాజేంద్రనగర్ దగ్గర పిల్లలకు ఉచితంగా రక్తం ఎక్కిస్తోంది. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ 2019లో 'ఉమ్మీద్' పేరుతో ప్రభుత్వ ఆసుపత్రుల్లో జన్యు నిర్ధారణ కేంద్రాలు మొదలుపెట్టింది. పదివేల మంది భారతీయుల పూర్తి జన్యుక్రమాన్ని చదివిన జీనోమ్ ఇండియా సమాచారాన్ని 2025 జనవరిలో విడుదల చేశారు. పదివేల జన్యుక్రమాలు చదవగలిగిన దేశం, ఏరియా ఆసుపత్రికి వచ్చిన ఒక గర్భిణికి పన్నెండో వారంలోగా ఒక్క రక్తపరీక్ష చేయలేకపోవడాన్ని చేతకానితనం అనలేం. ఇది పట్టనితనం.

ఏజెన్సీలో పరిస్థితి ఇంకో రకం. అక్కడ మరో హిమోగ్లోబిన్ జబ్బు, సికిల్ సెల్, సమస్య. 2023 జులై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలైంది. ఏడు కోట్ల మందికి పరీక్షలు చేసి, 2047 నాటికి జబ్బు లేకుండా చేస్తామన్నారు. మంచిదే. పరీక్షలు జరుగుతున్నాయి, కార్డులు పంచుతున్నారు. మరి కేరియర్ అని కార్డు అందుకున్న అమ్మాయికి దానర్థం ఆమె భాషలో చెప్పేదెవరు? ఆదిలాబాద్ గోండు గూడెంలో, పాడేరు కొండమీద ఇద్దరూ కేరియర్లైన దంపతులు గర్భస్థ పరీక్షకు నగరం దాకా పోవాలంటే బస్సు ఛార్జీ, కూలీ నష్టం, తోడు వచ్చే మనిషి, ఉండే చోటు, ఇవన్నీ ఎవరు చూస్తారు? పరీక్షించిన వాళ్ల సంఖ్య ప్రకటించి చేతులు దులుపుకుంటే నిర్మూలన జరగదు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఈ జబ్బుతో బతుకుతున్న పిల్లలు ఎవరికీ భారం కాదు. సరైన రక్తం, సరైన మందులు అందితే వాళ్లు చదువుకుంటారు, ఉద్యోగాలు చేస్తారు, పెళ్లిళ్లు చేసుకుంటారు. పరీక్ష చేయమనడం ఆ పిల్లల్ని వద్దనడం కాదు. ఇద్దరు కేరియర్లకు ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ సంగతి సమయానికి తెలుసుకోవడం తల్లిదండ్రుల హక్కు. తెలిశాక ఏం చేయాలన్నది వాళ్ల నిర్ణయం. ప్రభుత్వం సమయానికి చెప్పకపోవడంతో ఆ నిర్ణయాన్ని వాళ్ల చేతుల్లోంచి లాగేసుకుంది. డబ్బున్నవాళ్లు కార్పొరేట్ ఆసుపత్రిలో పదో వారంలోనే తెలుసుకుంటున్నారు. ప్రభుత్వాసుపత్రిని నమ్ముకున్నవాళ్లు మాత్రం బిడ్డ పాలిపోయాక తెలుసుకోవాలా?

చేయాల్సినవి అందనివేమీ కావు. సైప్రస్ 1970ల్లోనే మొదలుపెట్టి ఈ జబ్బుతో పుట్టేవారి సంఖ్యను దాదాపు సున్నాకు తెచ్చింది. ఇరాన్ 1997 నుంచి పెళ్లికి ముందే పరీక్ష చేస్తోంది. మన ప్రభుత్వాలు చేయాల్సిందిది: మొదటి గర్భిణీ పరీక్షలతో పాటే హెచ్‌బీఏ2 చూడండి. భర్త వచ్చిన రోజే అతని నమూనా తీయండి. జబ్బున్న పిల్లల తల్లిదండ్రులందరికీ, ఎవరూ అడగకముందే, జన్యుపరీక్ష చేయించండి. నమూనా తీసిన రోజు నుంచి రిపోర్టుకు గడువు పెట్టండి, గడువు దాటితే జవాబుదారీ ఎవరో పేరు రాయండి. జిల్లాకొక జన్యు కౌన్సెలర్‌ను నియమించండి. ఎంతమంది గర్భిణులకు 12 వారాల్లోపు పరీక్ష జరిగిందో ప్రతి ఏడూ జిల్లాల వారీగా బయటపెట్టండి.

చదువుతున్న మీకూ ఒక విన్నపం. మీ ఇంట్లో గర్భిణి ఉంటే, పెళ్లి కుదిరిన పిల్లలుంటే, హెచ్‌బీఏ2 పరీక్ష అడిగి చేయించండి. ఆ పరీక్ష ఇక్కడ లేదని చెబితే, ఎందుకు లేదో రాతపూర్వకంగా అడగండి. 2016లో రాసిన మార్గదర్శకాలు అమలు చేయడానికి ఇంకెంతమంది తల్లులు ఆ ప్రశ్న అడగాలో ఆరోగ్య మంత్రులు చెప్పి తీరాలి.