కడిగిన నీళ్లను మళ్లీ మూసీలనే కలుపుడెందుకు?

మొన్న మేము కువైట్‌లో మురుగు నీళ్లను శుద్ధి చేసి పంటలకు పెడతరని రాస్తే కొందరు ఛీ అని కామెంట్ పెట్టిన్రు. అన్నా, ఆ ముక్కు మూసీ కాడ మూసుకోండి.

ఇక్కడి సులైబియా ప్లాంట్‌ను మొదట్లనే రోజుకు 37.5 కోట్ల లీటర్లకు కట్టిన్రు. మురుగును చివరికి ఆర్‌ఓలో కూడా వడగడతరు, మన ఇండ్లల్ల తాగేటందుకు పెట్టుకునే ఆర్‌ఓనే. ఆ నీళ్లు పంపులతో, వేరే లైన్ల, ఇరాక్ సరిహద్దుల ఉన్న అబ్దలీ తోటలకు, సౌదీ దిక్కు వఫ్రా తోటలకు పోతయి.

మన అంబర్‌పేట ప్లాంట్ 33.9 కోట్ల లీటర్లది. చిన్నదా? కానీ శుద్ధి చేసిన నీళ్లను మళ్లీ మూసీలనే వదులుతరు. అండ్ల కడగని మురుగు కలుస్తది. కింది ఊర్ల రైతు ఆ నీళ్లకే మోటరు పెట్టి వరి, పశువుల గడ్డి పండిస్తడు. మడిల దిగితే కాళ్లకు దురద. పండినంక మూసీ బియ్యమని మొఖం తిప్పుకునేది మళ్లీ మనోళ్లే.

మోటరు నీళ్లను ఎత్తుతది గాని కడగదు. ప్లాంట్ కాడ పెట్టాల్సిన పంపు పెట్టకుండా రైతును తిట్టుడేంది? ప్లాంట్ గేటు నుంచే పొలాలకు పైపు వేయాలె. కరెంటు ఖర్చు అంటరా? సముద్రం నీళ్లల్ల ఉప్పు తీసి తాగే ఈ దేశం లెక్క చూసుకోకుండనే ఈ పని చేస్తున్నదా?