తల్లికి తలుపు మూయకుడు

నెలలు నిండక పుట్టిన శిశువునకు వెచ్చని గాజుపెట్టెయు, ప్రాణవాయువును, మందులును సిద్ధముగా నున్నచోట, ఆ శిశువును కన్నతల్లికి మాత్రము చోటు లేకుండుట మన కాలపు వింతలలో నొకటి. దినమునకు కొన్ని నిమిషములు చూచి పొమ్మని ఆమెను ద్వారముకడ నిలుపు ఆసుపత్రులు నేటికిని కలవు. ఇంట నామెకు పురిటిమైల. ఆసుపత్రిలో నామె చూడవచ్చిన పరాయిమనిషి. ఈ రెండుగోడలును కూలవలసినవే.

మొదట ఇంటిగోడ. ఏడవనెల బిడ్డ బ్రతుకుననియు, ఎనిమిదవనెల బిడ్డ బ్రతుకదనియు చెప్పుమాట మనలో విననివారు లేరు. ఇది వట్టి అబద్ధము. 37 వారములు నిండనిబిడ్డకు గర్భమున గడచిన ప్రతివారమును బలమే. కోడలు గ్రహణము చూచెననియో, ఆమె జాతకము మంచిది కాదనియో నిందించుట అజ్ఞానమే కాదు, క్రౌర్యము. రక్తపుపోటు, అంటుజాడ్యములు, కవలగర్భము మొదలగు కారణములు పెక్కులు. అనేకసమయములందు వైద్యులకే కారణము దొరకదు. వైద్యులకు దొరకని నేరము అత్తగారి కెట్లు దొరకినది?

ఇక ఆసుపత్రిగోడ. తల్లివలన జాడ్యమంటునని వారి వాదము. పైకిది సహేతుకముగనే తోచును. అనుభవము దీనిని త్రోసివేసినది. 1978లో కొలంబియాదేశపు బొగొటానగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, గాజుపెట్టెలు చాలకపోగా, బిడ్డలను తల్లుల రొమ్మునకు చర్మము చర్మమునకు తగులునట్లు కట్టించెను. లేమిలో పుట్టిన ఆ యుపాయము కలిమిగల దేశములకును పాఠమైనది. మనదేశముతో కూడ అయిదుదేశములలో, ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రియు పాల్గొనగా జరిగిన పరిశోధన 2021లో వెలువడినది. 1 కిలో మొదలు 1.8 కిలోలలోపు బిడ్డలను పుట్టినవెంటనే తల్లి రొమ్మున జేర్చినచోట 28 దినములలో నూటికి 12 మంది మరణించిరి. బిడ్డ కుదుటపడువరకు ఆగినచోట నూటికి 15.7 మంది. జాడ్యములును తల్లికడ నున్నబిడ్డలకే తక్కువయ్యెను. శ్వాసయంత్రము వలసినంత విషమస్థితిలో నున్నవారిని మినహాయించి, తక్కినబిడ్డలకు వెంటనే ఈ పద్ధతి నారంభింపుడని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో సెలవిచ్చినది.

మఱియొకమాట. బిడ్డలందఱును ఒకే గడియారమునకు లోబడరు. వ్రేళ్లు విచ్చుట, మొగము చిట్లించుట, రంగు మారుట: ఇవి మాటరాని బిడ్డ “ఇక చాలు” అని చెప్పు మాటలు. వీనిని చదివి, వెలుతురును చప్పుడును తగ్గించి, ఏ బిడ్డ కా బిడ్డకు తగినట్లు సేవ చేయవలెనని బోస్టన్‌లో హైడెలిస్ ఆల్స్ అను విదుషి 1980వ దశకమున బోధించెను. ఈ లిపిని తల్లికంటె ఓపికతో చదువువారెవరు? ఆమెను బయట నుంచి, లోపల యంత్రములను మాత్రమే చదువుట ఏపాటి శాస్త్రము?

అయితే రొమ్మున నుంచుకొమ్మని చెప్పి ఊరకున్న చాలదు. పచ్చిబాలింత బల్లమీద కూర్చుండి రేయింబవళ్లు బిడ్డను మోయలేదు. బిడ్డప్రక్కనే ఆమెకు పడకయు, వేళకు అన్నమును, పాలు పిండుకొనుటకు మఱుగును కావలయును. కూలికిపోవు తల్లికి ఆ దినముల బత్తెమెవరిత్తురో ప్రభుత్వము చెప్పవలయును. ఆమె అలసినపుడు తండ్రియు, అమ్మమ్మయు, నాయనమ్మయు తమ రొమ్మున బిడ్డ నుంచుకొనవచ్చును; అందు మైలయు లేదు, చిన్నతనమును లేదు.

చదువరులారా, మీయింట అట్టిబిడ్డ పుట్టిననాడు జాతకము తీయకుడు. ఆసుపత్రికేగి, తల్లికి పడక యెక్కడ నని యడుగుడు. అడుగువారు పదుగురైనపుడు ఆ తలుపు తెఱచుకొనక తప్పదు.