పౌరుషం మట్టిదా, మనిషిదా?

అంతర కళాశాలల కబడ్డీ పోటీలు వచ్చాయంటే చాలు, మన హాస్టళ్లలో భూగోళ పాఠం మొదలవుతుంది. "పల్నాడోళ్లది మొరటాట. పట్టుకు తప్ప కూతకు పనికిరారు" అంటాడొకడు. "తెనాలి, రేపల్లె వాళ్లదంతా సోకు. గీత తాకి పారిపోవటమేగా!" అని ఇంకొకడి జవాబు. ఒంగోలు వైపు వాళ్లు వూరుకుంటారా? "మా గిత్తల్ని చూశారుగా, మేమూ అంతే" అని తొడ గొడతారు. ఇందులో సరదా వున్నది, కాదనను. గొంతు చించుకొని అరిచేవాళ్లు లేకపోతే ఆటకు అందమేముంది? కాని యీ సరదా మాటలే కొందరు కుర్రవాళ్ల పాలిట తలరాతలవుతున్నాయి. అదీ నా అభ్యంతరం.

ఆట తీరు నెత్తురులో పుట్టదు. నేల నేర్పుతుంది, నిబంధన నేర్పుతుంది, అలవాటు స్థిరపరుస్తుంది. మన పత్తి చేల నల్లరేగడి వానకు జిగురు, ఎండకు రాయి. ఆ గడ్డల మీద దూకి పడితే మోకాలి చిప్ప మిగలదు. అందుకే అక్కడ చెడుగుడు ఆడి పెరిగినవాడు దూకడు. కాళ్లు నిలదొక్కుకుని చీలమండ దొరికేదాకా కాచుకుంటాడు. చీరాల, బాపట్ల ఇసుకలో పెరిగినవాడికి పడితే దెబ్బ లేదు. వాడు గాలిలోకి లేస్తాడు, పక్కకు దొర్లుతాడు. నాకు తోచినంతలో యిందులో కులగోత్రాల ప్రసక్తి లేదు, జిల్లాల ప్రసక్తి అంతకన్నా లేదు.

జిల్లా అంటే జ్ఞాపకం వచ్చింది. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలో వున్నది. ఆ యేడు ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. 2022లో చీరాల బాపట్ల జిల్లాలో చేరింది. కదలకుండా యింట్లో కూర్చున్న మనిషికి ఒక్క జన్మలో మూడు జిల్లాలు! గెజిట్ వచ్చిన మర్నాడు చీరాల కుర్రవాడి కూత మారిందా? మారలేదు గదా! మరి మన వాదనలు మాత్రం ఎందుకు మారుతున్నాయి?

పల్నాటి యుద్ధాన్ని మైదానంలోకి లాక్కొచ్చే మిత్రులకూ ఒక మాట. కారంపూడిలో తలపడిన మాచెర్ల, గురజాల రెండూ పల్నాటివే. పౌరుషం ఒక పక్షానిదే అయితే రెండో పక్షం ఏమైనట్టు?

ఇది మన వూళ్ల జబ్బే కాదు. ఐర్లండులో గేలిక్ ఫుట్‌బాల్ అని ఒక ఆట వున్నది. ఆటగాళ్లకు జీతం లేదు. మామూలుగా ఎవరి కౌంటీకి వాళ్లే ఆడతారు. అందుకే అభిమానుల పట్టింపులూ ఎక్కువే. ఎత్తుగా వచ్చిన బంతిని ఒడిసిపట్టి దూరంగా తన్నటమే అసలు ఆట అని కెర్రీ వాళ్ల గర్వం. 2003లో టైరోన్ జట్టు గుంపుగా వెనక్కు వచ్చి కమ్ముకుని కెర్రీని సెమీఫైనల్లో ఓడించింది, కప్పూ గెలిచింది. ఇదీ ఒక ఆటేనా అని ఈసడించారు. తర్వాత ఆ పద్ధతినే చాలా కౌంటీలు నేర్చుకున్నాయి. 2025లో, మైదానం రెండు సగాల్లోనూ ప్రతి జట్టు కనీసం ముగ్గురేసి ఆటగాళ్లను వుంచాలని నిబంధన తెచ్చేసరికి ఆట తీరు మళ్లీ మారింది. నిబంధనతో మారేది రక్తగుణం ఎలా అవుతుంది?

మన కబడ్డీయే చూడండి. 1990 నుంచి 2014 దాకా ఆసియా క్రీడల్లో పురుషుల స్వర్ణం మనదే. 2018 జకార్తాలో మన పురుషులు సెమీఫైనల్లో, మన స్త్రీలు ఫైనల్లో ఇరాన్ చేతిలో ఓడారు. ఆ ఇరాన్ స్త్రీల జట్టుకు శిక్షణ యిచ్చింది మన దేశపు శైలజా జైన్! విద్యకు ఎల్లలు లేవనటానికి వేరే సాక్ష్యం కావాలా? 2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ తరఫున కూతకు వెళ్లిన రాహుల్ చౌధరి ఉత్తరప్రదేశ్ వాడు. మనవాళ్లు అతన్ని "మావాడు" అన్నారు. ఎక్కడివాడని అడగలేదు. అంత పెద్ద మనసు మన కాలేజీల దగ్గరికి వచ్చేసరికి ఎటుపోతున్నది?

పోతున్నది కనుకనే చెబుతున్నాను. నేనెరిగిన వినుకొండ వైపు మిత్రుడు ఒకడున్నాడు. సన్నగా, చురుగ్గా వుంటాడు. కూత పెడితే ముగ్గుర్ని తాకి వస్తాడు. మూడేళ్లూ అతన్ని మూలన క్యాచర్‌గానే నిలబెట్టారు. "మీవాళ్లు పట్టులో మొనగాళ్లు" అనేది అతనికి దక్కిన పొగడ్త. పొగడ్తతోనే ఒక మనిషిని కట్టెయ్యవచ్చునని నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు మట్టి పోయి మ్యాట్ వచ్చింది, కాళ్లకు బూట్లు వచ్చాయి. రేగడివాడికీ ఇసుకవాడికీ ఒకటే నేల. పాత ముద్రలు మాత్రం చెరగలేదు.

కనుక కెప్టెన్లకు, ఫిజికల్ డైరెక్టరు గారలకు నా మనవి: సెలక్షన్ల రోజున ప్రతి కుర్రవాడి చేతా కూత పెట్టించండి, పట్టూ పట్టించండి. వూరు పేరు తర్వాత అడగండి. గ్యాలరీలోని సోదరులకు మరో మనవి: మీ వూరి పేరు చెప్పి ఎంతైనా అరవండి, నేనూ అరుస్తాను. అవతలివాడు మంచి పట్టు పడితే ఒక్క చప్పట్టు కొట్టండి. దానివల్ల మన వూరి పొలిమేర అంగుళం కూడా తగ్గదు.