క్రేన్ ఖర్చు ఎవరి నెత్తిన?



షోలాపూర్ మగ్గాల నుంచి పాలమూరు, నల్లగొండ, కరీంనగర్ పల్లెలకు పెళ్ళికో చావుకో పోయే మనవాళ్ళలో కొందరు ఇప్పుడు సొంత కార్లలో పోతున్నారు. చాలావరకు అప్పు చేసి కొన్న పాత బండ్లే. దారిలో ప్రమాదం జరిగితే రిపేరు మాట తర్వాత, ముందు క్రేన్ వాడు వచ్చి నిలబడతాడు. "ఇన్సూరెన్స్ వాళ్ళే కడతారు లే" అని అతను అడిగినంతకూ ఒప్పుకొనేవారి కోసమే ఈ నాలుగు మాటలు.

చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఒక్కటే. చవకని అదొక్కటే కట్టినవారికి క్రేన్ ఖర్చు పైసా రాదు. సొంత బండి నష్టానికి కూడా కట్టినవారికి వస్తుంది, కాని ఎంత? 2002 జూలై నుంచి అమలైన మోటారు టారిఫ్‌లో ఒక ప్రమాదానికి కారుకు 1,500 రూపాయలు, మోటారు సైకిలుకు 300 అని హద్దు పెట్టారు. బండికి కాపలా, దగ్గరి షెడ్డుకు చేర్చడం, బాగయ్యాక తిరిగి అప్పగించడం, అన్నీ అందులోనే. 2007లో సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం రేట్లను కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఈ 1,500 మాత్రం నేటికీ ఎన్నో పాలసీల్లో కదలకుండా కూర్చుంది. క్రేన్ వాడు 6,000 తీసుకుంటే 4,500 మన జీతంలోంచి పోవలసిందే.

పోనీ, మెల్లగా నడుపుకుంటూ పోదామా? దెబ్బ తిన్న బండిని రిపేరు కాకముందే నడిపితే, అందువల్ల పెరిగిన నష్టం యజమానిదేనని అదే పాలసీలో ఉంది. జాగ్రత్త తీసుకోకుండా రోడ్డు మీద వదిలిపోనూ కూడదు. నడపకూడదు, వదలకూడదు, లాగించడానికి మాత్రం చాలినంత ఇవ్వరు! ఇదెక్కడి న్యాయం? న్యాయమైన రసీదు చూపితే అసలు ఖర్చంతా ఇవ్వాలని, బీమా నియంత్రణ సంస్థ ఈ హద్దును సవరింపజేయాలని మేము డిమాండ్ చేస్తున్నాము. అదనపు ప్రీమియంతో 'రోడ్‌సైడ్ అసిస్టెన్స్' అమ్మడం దీనికి జవాబు కాదు. అది కొనేవారైనా ఎన్ని కిలోమీటర్ల వరకో, ప్రమాదానికి వర్తిస్తుందో లేదో చదివి కొనాలి.

అంతవరకు మన జాగ్రత్త మనది. జాతీయ రహదారి మీదైతే 1033కు ఫోన్ చేయండి. ఆ క్రేన్ రోడ్డు ఖాళీ చేయించడానికి వస్తుంది, మన మేస్త్రీ షెడ్డు దాకా తెస్తుందని లెక్క వేసుకోకండి. బండి కదిలించకముందే ఫోటోలు తీసి కంపెనీకి తెలపండి. కొక్కెం తగిలించకముందే రేటు తేల్చుకోండి. ఎక్కడి నుంచి ఎక్కడికో రాసిన రసీదు లేనిదే డబ్బు ఇవ్వకండి. రావలసిన 1,500లోనూ కోత పెడితే కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా పుణెలోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు, ఫీజు లేదు.

పాలసీ ఇంగ్లీషులో ఉండి అర్థం కానివారు కాగితాలతో యూనియన్ ఆఫీసుకు రండి, కూర్చుని చదివి చెబుతాము.