చెవిలో కీచురాయి

“మావారికి నలభై రెండేళ్ళు. ఉద్యోగానికని రోజూ హైవే మీద మోటారు సైకిలుపై పోనూ రానూ డెబ్భై కిలోమీటర్లు తిరుగుతారు. ఈమధ్య నేనొకటి అంటే ఆయనకొకటి వినిపిస్తోంది. రాత్రి పడుకోబోయేసరికి చెవిలో కీచురాయి అరుస్తోందంటారు. హెల్మెట్ పెట్టుకుంటూనే వున్నారు గదా, చెవులకేం భయం?” అని ఒక సోదరి అడిగారు.

అక్కడే మనమంతా పొరబడుతున్నాం. హెల్మెట్ తలను కాపాడుతుందే గాని చప్పుడును ఆపలేదు. ఇంజను మోత కంటే గాలి మోతే యెక్కువ. వేగం అందుకున్నకొద్దీ హెల్మెట్ అడుగు అంచున గాలి సుడులు తిరిగి లోపల హోరు పెడుతుంది. గంటకు వంద కిలోమీటర్ల వేగాన ఆ హోరు 100 డెసిబెల్స్ దగ్గరకు చేరుతుంది. అమెరికాలోని నయోష్ సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించవచ్చు. ఆపైన మూడేసి పెరిగినప్పుడల్లా వ్యవధి సగానికి తరుగుతుంది. 100కు వచ్చేసరికి మిగిలేది పావుగంట! హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళేలోగా ఎన్ని పావుగంటలో మీరే లెక్క వేసుకోండి.

లోపలి చెవిలో ధ్వనిని పట్టే రోమకణాలు చచ్చిపోతే మళ్ళీ మొలవవు. ముందుగా పోయేది సన్నని శబ్దాలు వినే శక్తి. అందుకే ఆడవాళ్ళ మాట, పసిపిల్లల మాట తప్పిపోతూ వుంటుంది, హల్లులు జారిపోతాయి. ‘పప్పు’ అన్నది ‘తప్పు’ అని వినబడితే సంసారంలో ఎంత రభసో చెప్పాలా! కాబట్టి మీవారు మాట లక్ష్యపెట్టడం లేదని అప్పుడే అలగకండి.

దీనికి సాధనం చెవి బిరడాలు. ఇయర్ ప్లగ్గులని అడిగితే మందుల షాపులో ఇస్తారు. దూది పెట్టుకుంటే చాలదా అంటారేమో, చాలదు. చెవిలో పాటల ఫోను పెట్టుకోవడం మరీ చేటు. హోరును మించాలని పాటను ఇంకా పెంచుతారు.

చవకైనవి మెత్తని స్పాంజి బిరడాలు. మా మరిది ఒక పెట్టెడు కొని, రెండోరోజే “ఇవి పనికిరావు వదినా” అని బల్లమీద పడేశాడు. ఏవీ పెట్టుకో చూద్దామంటే, సగం బయటికే వేలాడుతున్నాయి. చేతులు కడుక్కుని, బిరడాను సన్నని వత్తిలా నలపాలి. రెండో చెయ్యి తల వెనుకగా పోనిచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగితే లోపలి దారి తిన్ననవుతుంది. అప్పుడు దూర్చి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో అదిమి పట్టాలి. బయటికి పొడుచుకుని వుంటే హెల్మెట్ తొడిగేటప్పుడు గుచ్చుకుంటుంది.

అమెరికా లెక్కన పెట్టెమీద 33 అని వేసి వుంటే అంతా తగ్గుతుందని మురిసిపోకండి. అందులో 7 తీసేసి మిగిలినదాన్ని సగం చేయమంటారు, అంటే 13. అదైనా తక్కువ కాదు. 100 కాస్తా 87 అయితే పావుగంట అయిదు గంటలవుతుంది.

హారన్ వినబడదేమో అనే భయం సహజమే. వేగంగా పోయేటప్పుడు హారన్‌ను ముంచేసేది గాలి హోరే. బిరడా రెంటినీ తగ్గిస్తుంది గనుక హారన్ విడిగా తెలుస్తుంది. ఊళ్ళో నెమ్మదిగా నడిపేటప్పుడు మాత్రం తీసేయడం మేలు. ఫిల్టర్ అమర్చిన రబ్బరు బిరడాల్లో మాటలు మరికాస్త తేటగా వినిపిస్తాయి, కడిగి వాడుకోవచ్చు. స్పాంజివి కడగకూడదు, మాసితే పారేయాలి. చెవిలో చీము కారేవారు, కర్ణభేరికి చిల్లు వున్నవారు డాక్టరును అడగకుండా ఏదీ పెట్టుకోరాదు.

సోదరీ, మీవారిని ముందు చెవి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళి వినికిడి పరీక్ష చేయించండి. పోయింది తిరిగి రాకపోవచ్చు గాని ఎంత మిగిలిందో తెలుస్తుంది. ఆదివారాలు వెనక సీటు మీద మీరూ వెళ్ళేట్టయితే, రెండు జతలు కొనండి.